మాంటిస్సోరియా, కిండర్‌గార్టెనా: ఏది మేలు?

మా పాపను పటమటలో మాంటిస్సోరి బడిలో వేశామని తెలిసిన దగ్గర్నుంచీ అందరిదీ ఒకటే ప్రశ్న: "ఎల్‌కేజీలో వేస్తే పోయేదిగా, తేడా ఏంటి?" వి. కోటేశ్వరమ్మ గారి మాంటిస్సోరి బడుల పుణ్యమా అని బెజవాడకు ఆ పేరు కొత్త కాదు. పద్ధతి గురించే ఎవరూ పెద్దగా అడగరు.

ఎల్‌కేజీలోని 'కేజీ' కూడా పిల్లల మేలు కోరి పుట్టిందే. జర్మనీలో ఫ్రోబెల్ అనే విద్యావేత్త 1837లో బడి తెరిచి, 1840లో దానికి కిండర్‌గార్టెన్, అంటే పిల్లల తోట, అని పేరు పెట్టాడు. అక్కడ పాటలు, ఊలు బంతులు, చెక్క దిమ్మలు ఉండేవి. మన దగ్గర తోట పోయి కేజీ మిగిలింది, నాలుగు గీతల కాపీతో సహా. అందులో ఆయన తప్పేం లేదు కనుక పోలిక అసలు తోటతోనే పెడతాను.

ఈ పద్ధతి తెచ్చిన మాంటిస్సోరి గారు డాక్టరు. 1907లో రోమ్‌లోని ఒక పేదల వాడలో పిల్లల ఇల్లు తెరిచారు. 1939లో మద్రాసు అడయారు వచ్చి, యుద్ధం వల్ల ఏళ్ల తరబడి ఇక్కడే ఉండిపోయారు.

నా మటుకు తేల్చేది ఒక్కటే: తప్పు దిద్దేదెవరు? ఫ్రోబెల్ ఆటను టీచరు ముందుండి నడిపిస్తుంది. మాంటిస్సోరి బడి చూడ్డానికి వెళ్లిన రోజు అక్కడ ఒక బుడ్డోడు పది చెక్క సిలిండర్లను పది గుంతల్లో పెడుతున్నాడు, దేని సైజు గుంత దానికే. చివరిది పట్టలేదు. టీచర్ వంక చూశాడు. ఆవిడ కదల్లేదు. సాయం చేద్దామని నా చేతులే దురద పెట్టాయి. వాడు కాసేపు గుంతలో వేలు పెట్టి చూసి, అన్నీ బయటికి తీసి మళ్లీ మొదలెట్టాడు. తప్పు దిద్దింది టీచరు కాదు, ఆ గుంతే. నేను అక్కడే ఈ పద్ధతికి పడిపోయాను.

పాటలు, కథల్లో మాత్రం ఫ్రోబెల్‌దే పైచేయి. ఆ లోటు ఇంట్లో పూడుస్తున్నాం.

మాంటిస్సోరి బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు. అసలుదో కాదో తెలియాలంటే మూడేళ్ల నుంచి ఆరేళ్ల దాకా పిల్లలు ఒకే గదిలో ఉన్నారో లేదో చూడండి. పిల్లల పనికి అడ్డంగా గంటకోసారి బెల్లు కొడుతుంటే వెనక్కి వచ్చేయండి.

మా అత్తగారికి మాత్రం టెన్షన్ పోలేదు. "గరుకు కాగితం అక్షరాల మీద వేళ్లు తిప్పడమేనా, రాసేదెప్పుడు?" అంటారు. "అక్షరాభ్యాసం నాడు బియ్యంలో దాని వేలు పట్టి దిద్దించింది మీరే కదా అత్తయ్యా" అన్నాను.