రిటైర్ చేసిన జెర్సీ నంబర్ల కోసం టొరంటో, మాంట్రియల్, బోస్టన్ తిరిగాం, ఎక్కడ ఏది బాగుందంటే

ముందే చెప్పేస్తున్నా, టైమూ డబ్బూ ఒక్క ఊరికే సరిపోతాయంటే మాంట్రియల్ వెళ్ళండి. రెండు ఊళ్ళకైతే టొరంటో కూడా కలుపుకోండి. బోస్టన్ మాత్రం యూఎస్ వీసా ఉండి, చలికాలంలో అంత దూరం డ్రైవ్ చేసే ఓపిక ఉన్నవాళ్ళకి. మేం ఉండేది టొరంటో పక్కన మిస్సిసాగాలో, మా వాడు ఇక్కడే ఐస్ హాకీ ఆడుతున్నాడు, ఇంట్లో పొద్దస్తమానం వాడి నోట ఈ నంబర్ల కథలే, సరే ఈసారి వింటర్‌లో అవన్నీ జరిగిన చోట్లకే తీసుకెళ్దాం అని నేనూ, మా ఆవిడా, వాడూ, ఇండియా నుంచి వచ్చిన మా మామయ్యగారూ బయల్దేరాం.

మామయ్యగారికి క్రికెట్ తప్ప ఇంకేం తెలియదు, అందుకని సచిన్ 10 తో మొదలుపెట్టా. 2017లో శార్దూల్ ఠాకూర్ ఆ నంబర్ వేసుకుని దిగితే జనం ఎంత గొడవ చేశారో, తర్వాత బోర్డు ఆ నంబర్ ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టేసింది కదా, తర్వాత ధోనీ 7 కూడా అంతే. ఇక్కడ ఐస్ హాకీలో ఆ పని 1934 నుంచీ ఉంది, పైగా ఊరికే పక్కన పెట్టడం కాదు, పెద్ద ఫంక్షన్ చేసి, ఆ నంబర్ బ్యానర్‌ని స్టేడియం పైకప్పుకి ఎత్తి కట్టేస్తారు. అంతా విని ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "మరి ఇలా కట్టుకుంటూ పోతే కొత్త పిల్లలకి అంకెలు మిగులుతాయా అల్లుడుగారూ?" అని. చాలా మంచి ప్రశ్న అది, మాంట్రియల్ టీమ్‌లో సింగిల్ డిజిట్ నంబర్లలో ఇంక మిగిలినవి 6, 8 మాత్రమే.

టొరంటో సంగతి ముందు. అరీనా యూనియన్ స్టేషన్‌ని ఆనుకునే ఉంటుంది, కారు తీసుకెళ్ళకండి, డౌన్‌టౌన్ పార్కింగ్‌కి పెట్టే డబ్బుతో మంచి భోజనం చెయ్యొచ్చు. గో ట్రైన్‌లో పన్నెండేళ్ళ లోపు పిల్లలకి టికెట్ లేదు, పెద్దవాళ్ళకి వీకెండ్ పాస్ చవకే. అరీనా బయట లెజెండ్స్ రో అని ఒక పొడవాటి గ్రానైట్ బెంచీ, దాని దగ్గర పాత ప్లేయర్ల కంచు విగ్రహాలు, చూడ్డానికి పైసా ఖర్చు లేదు, ఎంతసేపైనా ఉండొచ్చు.

అక్కడ టిమ్ హోర్టన్ విగ్రహం దగ్గర మామయ్యగారు ఆగిపోయారు. ఆయన రోజూ పొద్దున్నే నడిచి వెళ్ళి కాఫీ తాగే షాపు పేరు అసలు ఒక హాకీ ప్లేయర్‌దని తెలియదు ఆయనకి, కెనడా వచ్చి చదువుకుంటూ అదే షాపులో షిఫ్టులు చేసే మన పిల్లల్లో కూడా చాలామందికి తెలియదనుకుంటా. హోర్టన్ 1964లో హామిల్టన్‌లో షాపు పెట్టాడు, టొరంటోకి 7 నంబర్ వేసుకుని ఆడి నాలుగు స్టాన్లీ కప్పులు (ఎన్‌హెచ్‌ఎల్ అనే ఇక్కడి పెద్ద హాకీ లీగ్‌లో ఛాంపియన్‌కి ఇచ్చే కప్పు) గెలిచాడు, ఆఖర్లో బఫెలోకి వెళ్ళి 2 నంబర్‌తో ఆడాడు. 1974 ఫిబ్రవరి 20న టొరంటోలో మ్యాచ్ ఆడి రాత్రికి రాత్రే కారులో బఫెలో తిరిగి వెళ్తూ సెయింట్ కాథరిన్స్ దగ్గర యాక్సిడెంట్‌లో పోయాడు. అది క్యూఈడబ్ల్యూ మీద, నయాగరా చూపించడానికి ఇండియా నుంచి వచ్చిన ప్రతి చుట్టాన్నీ మనం తీసుకెళ్ళే రోడ్డే. బఫెలో వాళ్ళు ఆయన 2 ని రిటైర్ చేశారు, టొరంటో వాళ్ళు 7 ని. ఈ కథ విన్నాక మామయ్యగారు ఆ విగ్రహం పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నారు, మొత్తం ట్రిప్‌లో ఆయన అడిగి తీయించుకున్న ఫోటో అదొక్కటే.

టొరంటోలో నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం అరీనా కాదు, ఒక కిరాణా షాపు. కార్ల్‌టన్, చర్చ్ వీధుల మూల మీద మేపుల్ లీఫ్ గార్డెన్స్ అని 1931లో కట్టిన పాత స్టేడియం ఉంది, ఇప్పుడు కింద లోబ్లాస్ సూపర్ మార్కెట్, పైన యూనివర్సిటీ వాళ్ళ రింక్, అంటే హాకీ ఆడే ఐస్ మైదానం. కాలేజ్ స్టేషన్‌లో దిగితే దగ్గరే. లోపల సరుకుల అరల మధ్య నేల మీద ఒక ఎర్ర చుక్క ఉంటుంది, ఒకప్పటి సెంటర్ ఐస్, అంటే మైదానం నడిమధ్య, సరిగ్గా అక్కడే. జనం ట్రాలీలు దాని మీద నుంచే తోసుకుంటూ పోతున్నారు, మా వాడు మాత్రం దాని మీద అడుగు పెట్టకుండా పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు, ఒక పెద్దావిడ పాపం ట్రాలీ ఆపుకుని వాడు లేచేదాకా నవ్వుతూ నిలబడింది.

ఆ చోటు ఎందుకంత ముఖ్యం అంటే, లీగ్‌లో మొట్టమొదటి నంబర్ రిటైర్ అయ్యింది ఆ కప్పు కిందే. 1933 డిసెంబర్ 12న బోస్టన్‌లో మ్యాచ్, బోస్టన్ డిఫెన్స్‌మన్ ఎడ్డీ షోర్ వెనకనుంచి వచ్చి టొరంటో ప్లేయర్ ఏస్ బెయిలీని గుద్దాడు, బెయిలీ తల ఐస్‌కి కొట్టుకుని పుర్రె పగిలింది, రెండు ఆపరేషన్లు, బతకడనే అనుకున్నారు. బతికాడు, కానీ ఆట అక్కడితో అయిపోయింది. రెండు నెలల తర్వాత 1934 ఫిబ్రవరి 14న ఆయన కోసం ఈ గార్డెన్స్‌లో బెనిఫిట్ మ్యాచ్ పెట్టారు, టొరంటో ఒకవైపు, మిగతా టీముల స్టార్లు ఒకవైపు, ఆ స్టార్లలో షోర్ కూడా ఉన్నాడు. బెయిలీ ఐస్ మీదకొచ్చి తనని గుద్దినవాడికి అందరి ముందూ చెయ్యి కలిపాడు. ఆ రోజే 6 నంబర్ ఇంక ఎవరికీ ఇవ్వం అన్నారు.

ఇంకా గొప్ప విషయం ఏంటంటే 1968లో బెయిలీయే స్వయంగా అడిగి మరీ రాన్ ఎల్లిస్ అనే కుర్ర ప్లేయర్‌కి ఆ 6 ఇప్పించాడు, ఆట నచ్చి. ఎల్లిస్ 1981లో మానేసేదాకా అదే వేసుకున్నాడు. నా మటుకు నాకు పైకప్పుకి కట్టడం కన్నా ఇదే పెద్ద గౌరవం అనిపిస్తుంది, బతికుండగా తన నంబర్ తన చేత్తో ఇంకొకడికి ఇవ్వడం. టొరంటో టీమ్ చాలా ఏళ్ళు అదే పద్ధతిలో నడిచింది, బెయిలీ 6, బారిల్కో 5 తప్ప మిగతా పెద్దవాళ్ళ నంబర్లని గౌరవ నంబర్లు అని బ్యానర్ కట్టి, కొత్తవాళ్ళు వేసుకోవడానికి మాత్రం ఒప్పుకునేవాళ్ళు. 2016 అక్టోబర్ 15న, టీమ్ వందేళ్ళ సంబరాల్లో, ఆ మిగతావన్నీ ఒకే రాత్రి రిటైర్ చేసేశారు. అంతమందిని ఒక్క సాయంత్రంలో కలిపేస్తే ఒక్కొక్కరికి రావాల్సిన ముచ్చట తగ్గదా అని నా బాధ, సామూహిక వివాహాల్లో మన పిల్ల పెళ్ళి చూసినట్టు ఉంటుంది.

బారిల్కో గురించి రెండు మాటలు చెప్పకపోతే మా వాడు ఊరుకోడు. 1951 ఏప్రిల్‌లో ఓవర్‌టైమ్ గోల్ కొట్టి కప్పు గెలిపించాడు, అదే ఆగస్టులో చిన్న విమానంలో చేపలు పట్టడానికి వెళ్ళి మాయమైపోయాడు, విమానం శిథిలాలు దొరికింది 1962లో, టొరంటో మళ్ళీ కప్పు గెలిచిందీ ఆ ఏడాదే. హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన లేడు. యాంగ్, ఫ్రంట్ వీధుల మూల మీద 1885 నాటి బ్యాంకు బిల్డింగ్‌లో ఉంది ఆ హాల్ ఆఫ్ ఫేమ్, స్టాన్లీ కప్పు పక్కన ఫోటో దిగొచ్చు, పిల్లలుంటే సగం రోజు ఇట్టే గడిచిపోతుంది, టికెట్‌కి న్యాయం జరుగుతుంది. కానీ అక్కడికి వెళ్ళాకే నాకు తేడా బాగా అర్థమైంది, హాల్ ఆఫ్ ఫేమ్ అంటే కమిటీ చూసి ఇచ్చేది, నంబర్ రిటైర్ చెయ్యడం అంటే ఆ ఊరు తన గుండెల్లో పెట్టుకోవడం. బారిల్కో 5 పైన వేలాడుతుంది, వెండెల్ క్లార్క్ 17 వేలాడుతుంది, ఇద్దరూ హాల్ ఆఫ్ ఫేమ్‌లో లేరు. హాకీలో అందరికంటే పెద్ద స్టార్ గ్రెట్జ్‌కీ 99 కథ వేరు, అది ఏ టీమ్‌లోనూ ఎవరూ వేసుకోకూడదని లీగ్ మొత్తం ఆపేసింది, ఆ ఫంక్షన్ కూడా 2000 ఫిబ్రవరి 6న ఆల్‌స్టార్ మ్యాచ్ రోజు టొరంటో అరీనాలోనే జరిగింది. ఆయన గోల్స్ రికార్డు 894ని 2025 ఏప్రిల్‌లో ఒవెచ్‌కిన్ దాటేశాడు గానీ 99 జోలికి ఎవరూ పోలేరు.

టొరంటోలో మ్యాచ్ టికెట్ మేం కొనలేదు, నలుగురికి లెక్కేస్తే మాంట్రియల్ హోటల్ ఖర్చంతా అందులోనే పోతుంది.

మాంట్రియల్‌కి 401 హైవే మీద దాదాపు 540 కిలోమీటర్లు. బోస్టన్ కూడా ఉంది కాబట్టి కారులో వెళ్ళాం, మాంట్రియల్ ఒక్కటే అయితే ట్రైన్ ఎక్కండి, ఐదు గంటల పైన పడుతుంది కానీ ఊరి నడిబొడ్డున దింపుతుంది. హోటల్ మాత్రం బోనావెంచర్ మెట్రో చుట్టుపక్కలే తీసుకోండి, కాస్త రేటు ఎక్కువైనా సరే. మైనస్ పదిహేనులో పెద్దవాళ్ళని పెట్టుకుని వీధుల్లో నడవలేం, అక్కడినుంచి అరీనాకి అండర్‌గ్రౌండ్ దారుల్లోనే వెళ్ళిపోవచ్చు. మేం దిగిన హోటల్లో గది వెచ్చగా శుభ్రంగా ఉంది, రిసెప్షన్‌లో అమ్మాయి మామయ్యగారికి ఎలక్ట్రిక్ కెటిల్ అడగ్గానే పంపింది, బ్రేక్‌ఫాస్ట్ మాత్రం వేస్ట్, వెజిటేరియన్లకి బ్రెడ్డూ పండ్లూ తప్ప ఏం లేవు. పూటిన్ (ఫ్రైస్ మీద చీజ్, గ్రేవీ వేసి ఇచ్చేది) తింటే గ్రేవీ ఏంటో అడిగి తినండి, మామూలుగా మాంసం ఉడికించిన నీళ్ళతో చేస్తారు. పార్క్ ఎక్స్‌టెన్షన్ ఏరియాకి మెట్రోలో వెళ్తే మన తిండి దొరుకుతుంది, రేట్లు కూడా అందుబాటులోనే. కట్టెల పొయ్యిలో కాల్చిన బేగెల్స్ వేడివేడిగా తిన్నాం, అవి అందరికీ నచ్చాయి.

మాంట్రియల్ టీమ్ అరీనా బెల్ సెంటర్‌లో అన్నిటికంటే పై లెవెల్ సీట్లు కొన్నాం, అక్కడ చవక సీట్లే ఈ పనికి మంచి సీట్లు, ఎందుకంటే కింద కూర్చున్నవాళ్ళు మెడ ఎత్తి చూడాల్సిన బ్యానర్లు మనకి దాదాపు కంటి ఎదురుగా ఉంటాయి. 24 కప్పుల బ్యానర్లు, 15 రిటైర్డ్ నంబర్లు, 17 మంది పేర్లు. మా వాడు ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపించి తాతకి చెప్తున్నాడు. 9 మారిస్ రిచర్డ్‌ది, పుట్టిన కూతురు తొమ్మిది పౌండ్లు ఉందని 15 మార్చుకుని 9 తీసుకున్నాడు. 4 బెలివోది, 2014 డిసెంబర్‌లో ఆయన పోయాక జరిగిన మ్యాచ్‌లో భార్య ఎలీజ్ పక్కన ఆయన సీటు ఖాళీగా ఉంచి దాని మీద లైటు వేశారు.

కానీ నన్ను కదిలించింది 7, 5. హోవీ మోరెంజ్ అనే ప్లేయర్ 1937లో మ్యాచ్‌లో కాలు విరిగి ఆస్పత్రిలోనే చనిపోయాడు, మార్చి 11న అంత్యక్రియలు టీమ్ అప్పటి స్టేడియం ఫోరమ్‌లోనే జరిగాయి, ఆ ఏడాది నవంబర్‌లో 7 రిటైర్ చేశారు, ఈ టీమ్‌లో అదే మొదటిది. ఆయన కూతురు మార్లీన్ పెళ్ళి చేసుకున్నది బెర్నీ జెఫ్రియాన్ అనే ఇంకో పెద్ద ప్లేయర్‌ని, నంబర్ 5. జెఫ్రియాన్ నంబర్ రిటైర్‌మెంట్‌కి 2006 మార్చి 11 ముహూర్తం పెట్టారు, సరిగ్గా ఆ రోజు పొద్దునే ఆయన కేన్సర్‌తో కన్నుమూశాడు. ఫంక్షన్ ఆపలేదు, కుటుంబం వచ్చింది. పైనున్న మామగారి 7 బ్యానర్‌ని సగం దాకా కిందికి దించి, అల్లుడి 5 దాన్ని కలిసేదాకా పైకి లేపి, రెండూ కలిపి ఎత్తారు. మామయ్యగారు పక్కనే ఉన్నారు, నేనేం మాట్లాడలేకపోయాను. ఇలా ఒక్కొక్కరికీ వాళ్ళదైన రోజు ఉంది కాబట్టే మాంట్రియల్ నాకు టొరంటో కన్నా ఎక్కువ నచ్చింది.

పాత ఫోరమ్ ఆట్‌వాటర్ మెట్రో దగ్గర ఉంది, 1996లో మూసేశాక సినిమా హాళ్ళ కాంప్లెక్స్ అయ్యింది. టైముంటే ఒక గంట, లేకపోతే వదిలేయండి, టొరంటో కిరాణా షాపులో ఉన్న అనుభూతి ఇక్కడ లేదు.

బోస్టన్‌కి ఐదు గంటల డ్రైవ్, బోర్డర్‌లో లైన్ బట్టి ఇంకా ఎక్కువే వేసుకోండి. నార్త్ స్టేషన్ దగ్గర హోటళ్ళు మరీ ఖరీదని మాల్డెన్ వైపు తీసుకున్నాం, ఆరెంజ్ లైన్‌లో నేరుగా అరీనా కింద దిగొచ్చు. లైన్ బాగుంది, హోటల్ బాలేదు, బుకింగ్‌లో పార్కింగ్ ఫ్రీ అని ఉంటే బిల్లులో రోజుకింత అని వేశారు, స్క్రీన్‌షాట్ చూపించాకే తీశారు. బుక్ చేసేటప్పుడే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

బోస్టన్ అరీనా టీడీ గార్డెన్ బయట ఆ టీమ్ పాత స్టార్ బాబీ ఆర్ విగ్రహం, 1970 మే 10న కప్పు గెలిపించిన గోల్ కొట్టి గాల్లో పడుకున్నట్టు ఎగిరిన ఫోటో ఉంది కదా, అదే భంగిమ. ఫ్రీ, ఏ టైములోనైనా చూడొచ్చు. లోపల పై అంతస్తుల్లో స్పోర్ట్స్ మ్యూజియం ఉంది, మ్యాచ్ టికెట్‌తో పోలిస్తే చాలా తక్కువ. ఇక్కడ రే బోర్క్ కథ చెప్పాలి. 1987 డిసెంబర్ 3న పాత ప్లేయర్ ఫిల్ ఎస్పొజిటో 7 రిటైర్ చేసే ఫంక్షన్, అప్పటికి ఆ 7 వేసుకుని ఆడుతున్నది బోర్క్. ఐస్ మీద ఎస్పొజిటో దగ్గరికి వెళ్ళి తన 7 జెర్సీ విప్పి ఇచ్చేశాడు, లోపల 77 జెర్సీ వేసుకుని ఉన్నాడు, ఇంక ఇది నీదే అన్నట్టు. తర్వాత ఆ 77 కూడా రిటైర్ అయ్యింది. వరసలో 2 కూడా ఉంది, బెయిలీని గుద్దిన ఎడ్డీ షోర్‌ది. 22 విల్లీ ఓరీది, ఒక కన్ను దాదాపు కనిపించకుండానే ఆడి 1958 జనవరి 18న లీగ్‌లో మొదటి నల్లజాతి ప్లేయర్ అయ్యాడు, అది మాంట్రియల్ ఫోరమ్‌లో. ఆ నంబర్ పైకి ఎక్కడానికి సరిగ్గా 64 ఏళ్ళు పట్టింది, 2022 జనవరి 18. అంత ఆలస్యం ఎందుకు చేశారని మా వాడు అడిగాడు, నా దగ్గర సమాధానం లేదు, కోపం మాత్రం నాకూ వచ్చింది.

పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు బోస్టన్ ఎండాకాలానికి పెట్టుకోండి, విగ్రహం, మ్యూజియం అప్పుడూ చూడొచ్చు. మాంట్రియల్ మాత్రం సీజన్‌లోనే, వారం మధ్యలో పడే మ్యాచ్ చూసుకుని, పై లెవెల్ సీట్లు, ఆట మొదలవడానికి కనీసం అరగంట ముందు లోపలికి వెళ్ళిపోండి, లైట్లు ఆర్పేశాక బ్యానర్లు సరిగ్గా కనపడవు.