ఎండకు, ఉప్పుగాలికి, చలికి: మూడు కంటైనర్ ఇళ్ళలో ఒంటరిగా ఉండి చూశాను

ఓడల్లో సరుకు పంపే ఇనప పెట్టెని మార్చి చేసే కంటైనర్ ఇల్లు సంగతి తెలియాలంటే ఏప్రిల్లో వెళ్ళి ఉండాలి. మనం చూసే ఫొటోలన్నీ వానలు పడ్డాక, చుట్టూ పచ్చగా ఉన్నప్పుడు తీసినవే. చేవెళ్ళ దగ్గర నాకు కొద్దిగా స్థలం ఉంది. రిటైరయ్యాక అక్కడ ఒక్కదాన్నే ఉండేలా చిన్న ఇల్లు వేసుకోవాలని కోరిక. ఇటుకలతో కట్టిస్తే నెలల తరబడి మేస్త్రీల చుట్టూ తిరగాలి. కంటైనర్ అయితే ట్రైలర్ మీద తయారై వస్తుంది, హైడ్రా క్రేన్‌తో దించి పెట్టేస్తారు అని అందరూ చెప్పారు. డబ్బు పెట్టేముందు, అద్దెకిచ్చే వాటిలో ఉండి చూద్దామని బయల్దేరాను. ఎండకు వికారాబాద్, ఉప్పుగాలికి భీమిలి, చలికి లంబసింగి ఎంచుకున్నాను.

వికారాబాద్ వెళ్ళడం తేలిక. లింగంపల్లిలో రైలెక్కితే వికారాబాద్ జంక్షన్, అక్కడి నుంచి అనంతగిరి వైపు ఆటో. ఇరవై అడుగుల పెట్టె, ముదురు నీలం రంగు, ముందు చెక్క అరుగు. చూడగానే ముచ్చటేసింది. మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయింది. ఏసీ ఆగిన పావుగంటకే లోపల కూర్చోలేకపోయాను. గోడ మీద చెయ్యి పెడితే పెనం తాకినట్టుంది. గోడల్లో వేడి ఆపే గ్లాస్ వూల్ నింపామని ఓనరు ఫోన్లో చెప్పారు. ఊడిన స్విచ్ బోర్డు సందులోంచి చూస్తే ప్లైవుడ్ వెనక ఖాళీయే కనిపించింది. నీళ్ళ ట్యాంకు కూడా కంటైనర్ పైకప్పు మీదే పెట్టారు కాబట్టి సాయంత్రం దాకా కుళాయి తిప్పితే వేణ్ణీళ్ళే.

అక్కడ నన్ను ఆదుకుంది వాచ్‌మన్ భార్య. "మేడమ్, లోపల పండుకోకుండ్రి, చెట్టు కింద మంచమేస్త" అని చింతచెట్టు కింద నులకమంచం వేసింది. పొద్దుగూకేదాకా అక్కడే ఉన్నాను. రాత్రికి జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. ఈ ప్రయాణాలన్నిటిలో నేను తిన్న మంచి భోజనం అదే. ఇంకో విషయం కూడా చెప్పాలి. చీకటిపడిన గంటకల్లా పెట్టె చల్లబడింది. ఇటుక గోడ పగలు పీల్చుకున్న వేడిని అర్ధరాత్రి దాకా వదులుతూనే ఉంటుంది. పల్చటి ఇనుము ఎంత తొందరగా కాగుతుందో అంత తొందరగా చల్లారుతుంది. పగలంతా ఉద్యోగానికి వెళ్ళి రాత్రికి వచ్చేవాళ్ళకి ఇది సరిపోవచ్చు. నాలాగా పగలు ఇంట్లో ఉండేవాళ్ళకి కష్టం. రాత్రికి 2,800 తీసుకున్నారు. కార్తీకం నుంచి మాఘం దాకా అయితే ఇవ్వొచ్చు, ఎండాకాలంలో ఆ డబ్బు దండగ.

కొలతల గురించి ఇక్కడే చెప్పేస్తాను. ఇరవై అడుగుల కంటైనర్ లోపలి వెడల్పు ఏడడుగుల ఎనిమిది అంగుళాలు, ఎత్తు ఏడడుగుల పది అంగుళాలు. గోడలకు రెండు వైపులా వేడి ఆపే పొర, దాని మీద షీటు వేస్తే వెడల్పు ఏడడుగుల దగ్గరికి వస్తుంది. ఒక మనిషికి సింగిల్ మంచం, పక్కన నడిచే దారి, చివర స్నానాలగది సరిపోతాయి. అసలు చిక్కు ఎత్తుతోనే. పైన కూడా పొర వేశాక సీలింగ్ ఫ్యాన్ పెట్టలేం, చెయ్యెత్తితే రెక్కలు తగులుతాయి. వికారాబాద్‌లో గోడ ఫ్యానే ఉంది. ఫ్యాన్ కింద పడుకోవడం అలవాటైన మనబోటి వాళ్ళు ఇది ఆలోచించుకోవాలి. హై క్యూబ్ అనే రకం ఒక అడుగు ఎక్కువ ఎత్తుంటుంది. ఇల్లనుకుంటే అదే తీసుకోవాలి.

భీమిలిలో నేనున్నది ఆ హై క్యూబే, నలభై అడుగులది. విశాఖ నుంచి 900కె సిటీ బస్సులో తీరం వెంబడి వెళ్ళొచ్చు. దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూసుకుని, పొద్దు వాలేముందు డచ్చివాళ్ళ సమాధుల దగ్గర కాసేపు తిరిగి ఇల్లు చేరాను. ఓనరు షిప్పింగ్ యార్డుల్లో పనిచేసిన పెద్దాయన. విశాఖ పోర్టులో 2003 నుంచి కంటైనర్ టెర్మినల్ ఉంది కాబట్టి పాత పెట్టెలు అక్కడ దొరకడం తేలికే. హైదరాబాద్ వాళ్ళు సనత్‌నగర్ కంటైనర్ డిపో వైపు వాకబు చేస్తారు.

ఆయన నన్ను ముందు తలుపు దగ్గరికి తీసుకెళ్ళి దాని మీద రివెట్లతో బిగించిన చిన్న ప్లేటు చూపించారు. తయారైన నెల, సంవత్సరం, ఎంత బరువు మోస్తుంది, నేల చెక్కకి ఏ మందు పట్టించారు అన్నీ దాని మీద ఉంటాయి. కంటైనర్ నేల ప్లైవుడ్డే, పురుగు పట్టకుండా మందు పెడతారు. ఆ చెక్క మీద పక్కేసుకుని ఏళ్ళ తరబడి నిద్రపోవడం మంచిది కాదని ఆయన పాతది పీకించి కొత్తది వేయించారు. వికారాబాద్‌లో నాకు ఈ ఆలోచనే రాలేదు.

లోపల గోడలకి వేడి ఆపే పఫ్ ఫోమ్ స్ప్రే చేయించారు. పైన రెండడుగుల ఎత్తులో ఇంకో రేకుల కప్పు ఉంది. ఎండ రేకుల మీద పడుతుంది, మధ్యలోంచి గాలి వెళ్ళిపోతుంది. మే నెల మధ్యాహ్నం ఏసీ ఆపి చూశాను. ఉక్కపోత ఉంది, అది సముద్రం పక్కన ఎక్కడైనా ఉంటుంది, గోడ మాత్రం కాలలేదు. కిటికీలు కోసిన చోట చుట్టూ ఇనుప ఫ్రేము వెల్డింగ్ చేశారు. కంటైనర్ బరువంతా నాలుగు మూలల స్తంభాలే మోస్తాయి కానీ, ముడతల గోడ కూడా పెట్టె వంగకుండా పట్టి ఉంచుతుంది. ఇష్టమొచ్చినట్టు కోస్తే నిలవదు.

ఉప్పుగాలి సంగతి ఆయనే దాచకుండా చెప్పారు. "అమ్మా, కోసినచోటే తుప్పు మొదలవుద్ది. ఏటా వానలకి ముందు గీకి రంగెయ్యాల్సిందే" అన్నారు. కంటైనర్లకి వాడేది తుప్పుని కొంత తట్టుకునే ఉక్కే. ఎప్పుడూ ఉప్పు తడి తగిలే చోట ఆ గుణం పూర్తిగా పనిచెయ్యదు. అడుగు అంచున, తలుపు మడతబందుల దగ్గర గోధుమరంగు పెచ్చులు నేనే చూశాను. 2014 అక్టోబర్లో వచ్చిన హుద్‌హుద్ చూసిన మనిషి కాబట్టి, నాలుగు మూలల్నీ కాంక్రీటులో పాతిన ఇనుప ప్లేట్లకి బిగించారు. నలభై అడుగుల ఖాళీ పెట్టె నాలుగు టన్నుల దాకా తూగుతుంది, అయినా తుపాను గాలికి దాన్ని నమ్ముకోలేం అన్నారు. రాత్రికి 4,500. చేపల పులుసు, అన్నం విడిగా. ఈ మూడింట్లో మళ్ళీ వెళ్ళాలనిపించేది ఇదే.

ఒంటరిగా ఉండేవాళ్ళు తలుపు విషయం మర్చిపోకూడదు. కంటైనర్ అసలు తలుపులకి గడియలన్నీ బయటే ఉంటాయి. ఎవరైనా బయట గడియ వేస్తే లోపలి నుంచి తియ్యలేం. భీమిలి ఆయన ఆ తలుపుల్ని తెరిచి ఉన్నట్టే వెల్డింగ్ చేయించి, లోపలి నుంచి తీసే మామూలు తలుపులు రెండు పక్కలా పెట్టించారు. వికారాబాద్‌లో ఒకటే తలుపు, అదీ వంటగట్టు పక్కన. గ్యాస్ అంటుకుంటే ఎటు పోవాలి?

లంబసింగి డిసెంబరులో. నర్సీపట్నం నుంచి బస్సులో ఘాటెక్కాను. పొద్దున్నే మంచు తెరలు, కాఫీ తోటలు, తాజంగి రిజర్వాయరు, అన్నీ అందరూ చెప్పినంత అందంగానే ఉన్నాయి. బస మాత్రం బాలేదు. తెల్లవారుజామున ముఖం మీద నీటిచుక్కలు పడి మెలకువొచ్చింది. వాన అనుకున్నాను. రాత్రంతా నేను వదిలిన ఊపిరే చల్లటి ఇనప కప్పుకి తగిలి నీరై కారింది. దుప్పటి తడిసింది, గోడ మూలల్లో బూజు వాసన. చలి వస్తుందని గాలి ఆడే కన్నాలకి టేపు అంటించేశారు, అందువల్ల తడి ఇంకా ఎక్కువైంది. వేడి ఆపే పొర ఇనుముకి సందు లేకుండా అతుక్కుని ఉండాలి, గాలి ఆడాలి. రెండూ లేకపోతే చలి ప్రదేశంలో కంటైనర్ లోపలే వాన పడుతుంది.

హీటరు పెడితే ట్రిప్పయింది. ఎర్తింగ్ ఉందా అని అడిగితే కేర్‌టేకర్ కుర్రాడికి తెలియదు. ఇల్లు మొత్తం ఇనుమే అయినప్పుడు ఎర్తింగ్ లేకపోతే గోడ ముట్టుకున్నా షాకు కొట్టొచ్చు. తలుపు మూస్తే ఫోను సిగ్నలు పోయింది. ఇనప పెట్టెలో అది మామూలే, భీమిలిలో వైఫై పెట్టారు కాబట్టి తెలియలేదు. చుట్టుపక్కల టెంట్లలో శనివారం రాత్రి ఒంటిగంట దాకా పాటలు. కొండ చూడాలనుకునేవాళ్ళు వారం మధ్యలో వెళ్ళండి, మామూలు గదే తీసుకోండి. 3,500 పెట్టి ఆ కంటైనర్లో ఉండొద్దు.

నేను చేవెళ్ళలో కంటైనర్ ఇల్లే వేసుకుంటాను. ఒక్క మనిషికి అంతకన్నా పెద్దిల్లు ఊడ్చుకోవడం తప్ప ఎందుకూ పనికిరాదని ఈ ప్రయాణాల్లో గట్టిగా తెలిసింది. నలభై అడుగుల హై క్యూబ్, పఫ్ స్ప్రే, పైన రేకుల కప్పు, రెండు తలుపులు, ప్రతి గోడకీ ఎర్తింగ్. పాములు కనపడేలా కింద రెండడుగుల పెడస్టళ్ళు. ట్యాంకు నీడలో, స్టాండు మీద. పెట్టెని స్థలం చివర చెరువు వైపు పెట్టాలని మొదట అనుకున్నాను. ఇప్పుడు రోడ్డు వైపు, పక్క పొలం వాళ్ళ ఇంటికి పిలుపు వినపడేంత దూరంలో పెడుతున్నాను. ఆ ఇంటావిడతో మాట్లాడాను, పాలు వాళ్ళే పోస్తామన్నారు. ఈ నెలలో బోరు వేయించి, కరెంటు మీటరుకి దరఖాస్తు పెట్టాలి. ఆ రెండూ అయ్యాకే కంటైనర్‌కి అడ్వాన్సు ఇస్తాను.