స్టోరీ ఆఫ్ ద వరల్డ్ నాలుగో భాగం: మన పిల్లలకి పనికొస్తుందా?

ముందే చెప్పేస్తున్నా, కొనొచ్చు. కానీ ఆరేళ్ల పిల్లాడి చేతిలో పెట్టి "చదువుకో నాన్నా" అని మనం వంటింట్లోకి వెళ్లిపోయే రకం పుస్తకం మాత్రం కాదు. సూసన్ వైజ్ బావర్ పిల్లల కోసం రాసిన ప్రపంచ చరిత్ర పుస్తకాల సెట్ స్టోరీ ఆఫ్ ద వరల్డ్‌లో ఇది ఆఖరిది, మోడర్న్ ఏజ్, విక్టోరియా రాణి కాలం నుంచి సోవియట్ యూనియన్ కూలిపోయేదాకా. మొదటి మూడు భాగాలు చాలామంది ఇళ్లల్లో హాయిగా నడిచిపోతాయి, పిరమిడ్లు, మమ్మీలు, కోటలు, ఓడలు, పిల్లలకి ఇంకేం కావాలి, ఈ నాలుగోదాని దగ్గరికొచ్చేసరికి తల్లులందరూ ఆగిపోతారు, ఎందుకంటే ఇందులో రెండు ప్రపంచ యుద్ధాలు, హిట్లరు, హిరోషిమా అన్నీ ఉన్నాయి. నన్ను అడిగేవాళ్లకి విడివిడిగా చెప్పేకన్నా ఒకసారి రాసేస్తే పోద్దని రాస్తున్నా.

మేం డాలస్ పక్కన ఉంటాం, పిల్లలిద్దరూ ఇంట్లోనే చదువు, పెద్దదానికి తొమ్మిది, చిన్నోడికి ఆరు. టెక్సస్‌లో హోమ్‌స్కూల్ అంటే ప్రైవేట్ స్కూల్ కిందే లెక్క, చదవడం, స్పెల్లింగు, గ్రామరు, లెక్కలు, మంచి పౌరుడిగా ఎలా ఉండాలో చెప్పడం, ఇవి ఉంటే చాలు, హిస్టరీ చెప్పావా లేదా అని అడిగే నాథుడు ఉండడు. వినడానికి బానే ఉంటది గానీ ఏం చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి, ఎవరి వైపు నుంచి చెప్పాలి అనేదంతా మన నెత్తిమీదే పడుద్ది. అందుకే ఇలాంటి పుస్తకం ఒకటి వెన్నెముకలాగా ఉండాలి, కాదనను.

పుస్తకంలో 42 చాప్టర్లు, ఒక్కోదాంట్లో మామూలుగా రెండు కథలు. ఒక్కో కథ పడుకునే ముందు పైకి చదివితే పావుగంటలో అయిపోద్ది. భాష తేలిగ్గా ఉంటది, మా అత్తగారు పక్కన కూర్చుని వింటే ఆవిడకి కూడా అర్థమైంది. నాకు బాగా నచ్చింది ఏంటంటే ఒక దేశం పట్టుకుని చివరిదాకా లాగదు, లండన్లో మొదలుపెట్టి ఢిల్లీకొచ్చి, అక్కణ్ణుంచి జపాన్ వెళ్లి అమెరికా నౌకాదళం అధికారి పెర్రీ తెచ్చిన నల్ల ఓడలు చూపించి, తర్వాత క్రిమియా, ఆఫ్రికా, చైనా, అలా ఒకే కాలంలో ఎక్కడెక్కడ ఏం జరుగుతుందో చూపిస్తది. మనం స్కూల్లో చదువుకున్నప్పుడు భారతదేశ చరిత్ర ఒక సంవత్సరం, ప్రపంచ చరిత్ర ఇంకో సంవత్సరం, రెండూ ఎక్కడా కలిసేవి కావు కదా, పారగ్వే యుద్ధం గురించి అయితే నేను ఎంఏ దాకా చదివి కూడా వినలేదు, ఇప్పుడు మా పెద్దదానికి తెలుసు.

చిన్నోడికి మాత్రం ఆస్ట్రేలియా దొంగ నెడ్ కెల్లీ కథ పిచ్చపిచ్చగా నచ్చేసింది. వాడూ వాడి ముఠా నాగలి రేకులు సాగగొట్టి ఇనప కవచాలు చేసుకుని 1880లో పోలీసులతో తలపడ్డారు, నెడ్ కెల్లీ కవచం బరువే 44 కిలోల దాకా ఉంటదట. మావాడు అమెజాన్ అట్టపెట్టెకి కళ్ల దగ్గర సందు కోసి తలకి పెట్టుకుని, ఒంటికి ఖాళీ సోనా మసూరి బస్తాకి చేతుల కోసం బొక్కలు పెట్టి తొడుక్కుని, ఇల్లంతా తిరిగాడు, కాళ్లకి ఏమీ లేదేంట్రా అంటే "కెల్లీకి కూడా లేదమ్మా, అందుకే పోలీసులు కాళ్లమీద కాల్చారు" అన్నాడు. నిజమే, అక్కడే దొరికిపోయాడు వాడు. వర్క్‌షీట్ పెట్టి అడిగితే ఈ సమాధానం వచ్చేది కాదు.

ఇక నచ్చనివి. 1914 దాటాక స్పీడు ఎక్కువైపోద్ది, యుద్ధం, తిరుగుబాటు, హత్య, మళ్లీ యుద్ధం, వరసగా చదివితే పెద్దవాళ్లకే గుండె బరువెక్కుద్ది. రచయిత్రి కూడా ఇది మొదటి మూడింటికన్నా కాస్త పెద్ద పిల్లల కోసమే అని, నాలుగో తరగతి వయసు నుంచి మంచిదని చెప్పింది, ఆ మాట పట్టించుకోకుండా వరసలో వచ్చింది కదా అని ఒకటో తరగతి పిల్లలకి చదివేసి తర్వాత రాత్రిళ్లు భయపడుతున్నారు అంటే ఏం లాభం. మేం చేసేది ఏంటంటే చిన్నోడు పడుకున్నాక పెద్దదానికి కొన్ని చాప్టర్లు విడిగా చదువుతా. యూదుల మారణహోమం వాడికి ఇప్పుడే చెప్పలేదు, హిరోషిమా మాత్రం ఇద్దరికీ చెప్పాను కానీ బాంబు దగ్గర మొదలుపెట్టలేదు, సడాకో ససాకి అనే అమ్మాయి దగ్గర మొదలుపెట్టాను, బాంబు పడ్డప్పుడు రెండేళ్ల పిల్ల, తర్వాత జబ్బుపడి 1955లో చనిపోయింది, ఆసుపత్రిలో కాగితం కొంగలు మడుస్తూ ఉండేది. కొంగలు మడుస్తూ మాట్లాడుకుంటే అడగాల్సినవి వాళ్లే అడుగుతారు, అడిగినదానికే సమాధానం చెప్పండి, అడగనిది వడ్డించొద్దు.

రెండోది మన సంగతి. ఇండియా లేదని కాదు, మొదటి చాప్టర్లోనే 1857 వచ్చేస్తది, తర్వాత జాతీయోద్యమం ఉంది, దేశ విభజన ఉంది. ప్రపంచం మొత్తం ఒక పుస్తకంలో పెట్టాలంటే అంతకన్నా ఎక్కువ ఆశించలేం. కానీ అది చదివిన పిల్లకి స్వతంత్రం అంటే ఢిల్లీలో నలుగురు పెద్దమనుషులు, లండన్లో నలుగురు పెద్దమనుషులు మాట్లాడుకుని తేల్చుకున్న వ్యవహారంలాగా అనిపిస్తది, అమ్మమ్మ ఊళ్లో, నాన్నమ్మ ఊళ్లో అప్పుడేం జరుగుతుందో ఒక్క ముక్క ఉండదు. అది ఆవిడ తప్పు కాదు, మనం కలుపుకోవాల్సిన పని. నేను హాల్లో గోడకి పొడుగ్గా కాగితం అంటించి పైన పుస్తకంలోవి, కింద మనవి రాయిస్తున్నా, అసలు మజా అంతా అక్కడే ఉంది.

ఉదాహరణకి 1851, లండన్లో గాజు భవనం కట్టి ప్రపంచంలోని యంత్రాలూ వస్తువులూ అన్నీ పెట్టి పెద్ద ఎగ్జిబిషన్ చేశారు. అందులో మన కోహినూర్ కూడా పెట్టారు, కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని మనవాళ్లు చెప్పుకునే వజ్రం, ఎగబడి చూసిన జనానికేమో పెద్దగా మెరవట్లేదే అని నిరాశ, ఆ మరుసటేడు దాన్ని మళ్లీ సానపట్టి 186 కేరట్లది 105 కేరట్లు చేసి పెట్టారు. మా చిన్నోడు "మిగతా ముక్కలు ఏమయ్యాయి" అని ఇప్పటికీ అడుగుతాడు. సరిగ్గా అదే టైములో మా రాజమండ్రి పక్కన ధవళేశ్వరంలో కాటన్ దొర గోదావరికి ఆనకట్ట కట్టిస్తున్నాడు, 1847లో మొదలై 1852కి పూర్తయింది. గోడమీద ఒకే గీత దగ్గర పైన గాజు మేడ, కింద ఆనకట్ట. పోయినసారి ఇండియా వెళ్లినప్పుడు అక్కడి కాటన్ మ్యూజియం చూపించాం, మా ఊళ్ల రైతులు తెల్లదొర విగ్రహానికి దండేస్తారంటే పెద్దది ఆశ్చర్యపోయింది, "బ్రిటిష్ వాళ్లు చెడ్డోళ్లు కదమ్మా" అంది. అదిగో, ఆ ప్రశ్న కోసమే హిస్టరీ చెప్పేది. సమాధానం ఇంకా నడుస్తూనే ఉంది మా ఇంట్లో, పన్నులూ కరువులూ కూడా చెప్పాలి కదా, ఒక్క పూటలో అయ్యేది కాదు.

అలాగే 1857 అంటే మీరట్, ఢిల్లీతో ఆపొద్దు, ఆ జులై 17న హైదరాబాద్ కోఠీలో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనాన్ని వెంటేసుకుని బ్రిటిష్ వాళ్ల ప్రతినిధి ఉండే రెసిడెన్సీ మీద దాడి చేశారు, ఆ భవనం ఇప్పటికీ ఉంది, ఉమెన్స్ కాలేజీ అందులోనే కదా పెట్టారు. 1919 జలియన్‌వాలా బాగ్ చెప్పినప్పుడు తర్వాత రెండేళ్లకి మన చీరాల-పేరాల కథ చెప్పండి, చిన్నపిల్లలకి అంతకన్నా మంచి కథ దొరకదు, రక్తపాతం లేదు. మున్సిపాలిటీ చేసి పన్నులు పెంచితే దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాట మీద జనం ఊరే ఖాళీ చేసేసి బయట పాకలు వేసుకుని రామనగర్ అని పేరు పెట్టుకుని నెలల తరబడి ఉన్నారు. ఊళ్లోనే లేం, ఇంక పన్ను ఎవరిమీద వేస్తావ్! మావాళ్లు దుప్పట్లతో డేరా వేసుకుని రెండు పూటలు అందులోనే తిన్నారు, గదిలోకి రమ్మంటే రామన్నారు, పన్ను కట్టరట. 1922 నుంచి 24 దాకా అల్లూరి సీతారామరాజు రంప తిరుగుబాటు ఉండనే ఉంది, దానికైతే పిల్లల్ని బతిమాలక్కర్లేదు, కాకపోతే సినిమాలో చూసిందంతా నిజం కాదని విడమరిచి చెప్పడానికే సగం టైం పోద్ది. ఆ తర్వాత 1948 సెప్టెంబర్ పోలీస్ యాక్షన్, 1952లో పొట్టి శ్రీరాములుగారి 58 రోజుల దీక్ష, 1953లో ఆంధ్ర, 1956లో ఆంధ్రప్రదేశ్, 2014లో తెలంగాణ. ఆరేళ్లవాడికి రజాకార్ల కాలం సంగతి వివరంగా వద్దు, నిజాం అనే రాజు ఉండేవాడు, తర్వాత ఆ రాజ్యం ఇండియాలో కలిసింది, అంతవరకు చాలు.

ఇంకో మాట, ఈ కాలం హిస్టరీకి ఉన్న సుఖం ఏంటంటే చూసినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు. మా మామగారిది దివిసీమ, 1977 నవంబర్ 19 ఉప్పెన కళ్లారా చూసినాయన. వీడియో కాల్‌లో పిల్లలు "తాతయ్యా నీళ్లు ఎంత ఎత్తొచ్చాయి" అంటే ఆయన లేచి నిలబడి తల పైన చెయ్యి పెట్టి, ఇంకా పైకి అన్నాడు, చెట్టు కొమ్మకి పంచెతో తనని తాను కట్టేసుకున్న సంగతి నేను కూడా అప్పుడే మొదటిసారి విన్నా, పదేళ్లకి పైగా కోడలిగా ఉండి. మీ ఇళ్లల్లో కూడా ఎమర్జెన్సీ గుర్తున్నవాళ్లు, 1971 యుద్ధంలో దీపాలు ఆర్పేసి కూర్చున్నవాళ్లు ఉంటారు, ఫోన్ రికార్డర్ ఆన్ చేసి పెట్టుకోండి.

యాక్టివిటీ బుక్ విడిగా కొనాలి, టెక్స్ట్ కన్నా ధర ఎక్కువే. అందులో ప్రశ్నలు, మ్యాపులు, ప్రాజెక్టులు, ఇంకా చదవడానికి పుస్తకాల లిస్టు ఉంటాయి, ఆ లిస్టు పట్టుకుని లైబ్రరీకి వెళ్తే సగం పుస్తకాలు ఊరికే దొరుకుతాయి, ఇండియాలో ఉండేవాళ్లకి మాత్రం ఆ లిస్టు పెద్దగా ఉపయోగపడదు. మ్యాపులు అద్భుతం, ఆఫ్రికాని ఎవరెవరు పంచుకున్నారో రంగులేస్తుంటే పెద్దదానికి నోటితో చెప్పక్కర్లేకుండానే అర్థమైంది. కథ విన్నాక పిల్లలతో తిరిగి చెప్పించమంటారు, అది మాత్రం మానొద్దు, మావాళ్లు సగం తెలుగు సగం ఇంగ్లీషులో చెప్తారు, చెప్పనీ, నేను తెలుగు లిపిలోనే రాసి డేట్ వేసి ఉంచుతున్నా. టెస్టుల పుస్తకం కూడా అమ్ముతారు, చిన్నపిల్లలకి దండగ.

ఎనిమిదేళ్ల లోపు పిల్లలే ఉంటే ఆగండి, కొననక్కర్లేదు, ఈలోపు గోడమీద కాగితం, తాతయ్యల ఫోన్లు చాలు. తొమ్మిదీ పదీ దాటిన పిల్ల ఉంటే టెక్స్ట్ పాతదైనా పర్లేదు, యాక్టివిటీ బుక్ మాత్రం కొత్తదే తీసుకోండి, నేను ఆన్‌లైన్లో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్ తీసుకుంటే "దాదాపు కొత్తది" అని పంపించాడు, తెరిస్తే సగం మ్యాపులకి ఎవరో అప్పటికే రంగులేసేసి ఉన్నారు, అది కూడా ఇండియాకి సముద్రానికి వేసే నీలం రంగు.