కోలాటం కర్రలు వంగని కెమెరా: నికాన్ జెడ్ 8

సద్దుల బతుకమ్మ నాడు హనుమకొండ పద్మాక్షి గుట్ట దగ్గర, ఎండ ఇంకా ఉండగానే నేను తీసిన ఒక ఫోటోలో కోలాటం కర్రలు విల్లులా వంగి పడ్డాయి. అప్పుడు నా చేతిలో ఉన్నది వేరే కెమెరా. చప్పుడు కాకూడదని ఎలక్ట్రానిక్ షట్టర్ (తెర కదలకుండా సెన్సారే బొమ్మను పట్టే పద్ధతి) పెట్టుకుని, స్పీడు 1/2000 సెకను ఉంచినా కర్రలు వంగాయంటే లోపం షట్టర్ స్పీడుది కాదు, సెన్సార్ బొమ్మను చదివే తీరుది. మామూలు సీమాస్ సెన్సార్ (వెలుతురును బొమ్మగా మార్చే చిప్) పై వరుసతో మొదలుపెట్టి కిందిదాకా వరుస వెంట వరుస చదువుకుంటూ వస్తుంది కనుక, ఆఖరి వరుస వంతు వచ్చేసరికి కర్ర చోటు మారిపోతుంది.

2023లో వచ్చిన జెడ్ 8ను నేను కొన్నది ప్రధానంగా ఇందుకే. ఇందులోని 45.7 మెగాపిక్సెళ్ల స్టాక్డ్ సెన్సార్‌లో, పిక్సెళ్ల పొర వెనకనే చదివే సర్క్యూట్ల పొర అతికి ఉండటం వల్ల ఫ్రేము మొత్తాన్ని దాదాపు 1/270 సెకనులో చదివేస్తుంది. సెన్సార్ ముందు కదిలే మెకానికల్ షట్టర్ తెరకు ఇంచుమించు అంతే సమయం పడుతుంది కాబట్టి, నికాన్ ఆ తెరను పూర్తిగా తీసేసింది. అయినా ఫ్లాష్ 1/250 సెకను వరకు షట్టర్‌తో సింక్ అవుతుంది, అంటే ఫ్రేము మొత్తం మీద వెలుగు పడుతుంది.

దీని విలువ తలంబ్రాల వేళ తెలిసింది. సెకనుకు 20 రా ఫైళ్లు (సవరించని ముడి ఫోటోలు) తీస్తున్నా వ్యూఫైండర్ ఒక్కసారీ నల్లబడదు, దోసిలి ఎత్తిన పెళ్లికూతురి కళ్లమీది నుంచి ఫోకస్ జారదు. ఒక ఫ్రేములో పసుపు బియ్యపు గింజ పెళ్లికొడుకు బాసికానికి తగిలి పైకెగిరి, దాని నీడ నుదుటిమీద పడుతూ కనిపించింది.

ఫంక్షన్ హాళ్ల ఎల్‌ఈడీ తెరలు కంటికి తెలియనంత వేగంగా వెలిగి ఆరుతుంటాయి కనుక, వాటి ముందు మాత్రం ఫోటోల్లో చారల బెడద పూర్తిగా పోదు. ఫ్లికర్ తగ్గించే సెట్టింగ్‌లో షట్టర్ స్పీడును కొద్దికొద్దిగా జరుపుకుంటూ సర్దుకోవాలి. అన్ని పిక్సెళ్లనూ ఒకేసారి చదివే గ్లోబల్ షట్టర్ కావాలంటే సోనీ ఏ9 3 ఉంది, సెకనుకు 120 ఫ్రేములు తీస్తుంది. కానీ దాని సెన్సార్ 24.6 మెగాపిక్సెళ్లదే, మూల ఐఎస్‌ఓ (వెలుతురుకు స్పందించే కనీస స్థాయి) 250. కబడ్డీ, పరుగు పందాలు తీసేవారికి అది తగును. పెద్ద ఆల్బమ్‌లు అచ్చు వేయించే నాకు జెడ్ 8 చాలు.

కొనేవారు ఒకటి గమనించాలి. ఇందులో మెమరీ కార్డులకు ఒక సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్ స్లాటు (ఎస్‌డీ కన్నా వేగమైనది), ఒక ఎస్‌డీ స్లాటు ఉన్నాయి. బ్యాకప్ కోసం రెంటిలోనూ ఒకే ఫోటోలు రాయిస్తే, సెన్సార్ ఎంత వేగంగా చదివినా బఫర్ (కార్డుకు చేరేలోపు ఫోటోలు నిలిచే తాత్కాలిక మెమరీ) ఖాళీ కావడం ఎస్‌డీ కార్డు నడకనే నడుస్తుంది.