500నా, 500డీనా, 550నా? ఇంటికి ఏ ఐరన్ మేలు

మొన్న మా బామ్మర్ది ఫోన్ చేశాడు. పది రోజుల్లో స్లాబ్ ఉంది బావా, ఐరన్ షాపాయన 550 వేసుకోండి 500 కంటే గట్టిది రేటు కూడా పెద్ద తేడా లేదు అంటున్నాడు, తీసేసుకోనా అని. ఈ 500, 550 అనేవి ఊచ బలం చెప్పే గ్రేడ్ అంకెలు. ఆగరా బాబూ అన్నా. పన్నెండేళ్ళు టెస్టింగ్ ల్యాబ్‌లో ఊచలు మిషన్‌కి కట్టి లాగి తెంపిన మనిషిని, ఈ 'గట్టిది' అనే మాట వింటేనే నాకు ఒళ్ళు మండుద్ది. ఫోన్లో సగమే చెప్పా, మిగతాది ఇక్కడ రాస్తున్నా, ఇల్లు కట్టుకునేవాళ్ళకి ఎవరికైనా పనికొస్తదని.

ముందు పాతకాలం టోర్ ఊచల సంగతి తేల్చేద్దాం. పాత ఇళ్ళు పగలగొట్టేటప్పుడు తాడు పేనినట్టు మెలి తిరిగిన ఊచలు కనబడతాయే, అవి. వేడిమీద రోల్ చేసి చల్లారాక మెలితిప్పేవాళ్ళు. చల్లటి ఇనుముని అలా మెలిపెడితే లోపల గ్రెయిన్లు, అంటే ఇనుములోని సన్నటి రేణువులు, నలిగి సాగి గట్టిపడతాయి నిజమే, కానీ సాగే గుణంలో కొంత అక్కడే ఖర్చయిపోద్ది, వెల్డింగ్ వేడి తగిలితే మెలితో వచ్చిన బలం మళ్ళీ దిగిపోద్ది, తుప్పు కూడా తొందరగా పట్టుద్ది. కొన్ని షాపుల్లో ఇప్పటికీ ఇప్పటి టీఎంటీ ఊచల్నే (వేడిమీదే నీళ్ళతో చల్లార్చి గట్టిపరిచే రకం) టోర్ అని పిలుస్తారు, పేరు చూసి కంగారు పడొద్దు, ఊచకి మెలి ఉందా లేదా చూస్కోండి చాలు.

ఇక టీఎంటీ. దీన్ని అర్థం చేసుకోవాలంటే మీకు తాటి దూలం తెలిస్తే చాలు. పాత పెంకుటిళ్ళ కింద ఉండేవి చూశారుగా, చుట్టూతా చేవ, నల్లగా మేకు కూడా దిగదు, మధ్యలో మాత్రం మెత్తటి బెండు. టీఎంటీ ఊచ కూడా సరిగ్గా అంతే. ఒక ముక్క కోసి, కోసిన మొహాన్ని ఎమరీ పేపర్‌తో అద్దంలా రుద్ది, స్పిరిట్‌లో కొంచెం నైట్రిక్ యాసిడ్ కలిపి పైన రాస్తే కాసేపట్లో అంచు చుట్టూ నల్లటి ఉంగరం లేస్తది, మధ్యలో లేత బూడిద రంగు. మొదటిసారి చూసినప్పుడు నాకైతే సరదాగా అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తది.

ఆ ఉంగరం నీళ్ళ వల్ల వస్తది. రోలింగ్ అయి దాదాపు వెయ్యి డిగ్రీల వేడిమీద ఎర్రగా బయటికొచ్చే ఊచ, వచ్చింది వచ్చినట్టే బాగా ప్రెషర్ ఉన్న నీళ్ళ పెట్టెలోంచి దూసుకుపోద్ది. కళ్ళు మూసి తెరిచేలోపు పైపొర చల్లబడి మార్టెన్‌సైట్ అయిపోద్ది, అంటే చాలా గట్టిది కానీ పెళుసు. లోపల ఇంకా ఎర్రగానే ఉంటది. తర్వాత కూలింగ్ బెడ్ మీద పడ్డాక ఆ లోపలి వేడి బయటికి వస్తూ పైపొరని కాల్చి పెళుసుతనం తగ్గిస్తది, మధ్యభాగం మెల్లిగా చల్లారి ఫెర్రైట్ పెర్లైట్ అయి సాగే గుణంతో మిగులుద్ది. బెల్జియంలో 1970ల్లో ఈ పద్ధతి పెట్టారు. అంతకుముందు బలం కావాలంటే కార్బన్ పెంచేవాళ్ళు, కార్బన్ పెంచితే వెల్డింగ్ చెడుద్ది, వంచితే చీలుద్ది. ఇక్కడ కార్బన్ పెంచకుండా నీళ్ళతో పని కానిచ్చారు.

ఈ ఉంగరం విలువ నాకు తెలిసొచ్చింది ఒక షెడ్డు పనిలో. ఒకాయన 20 ఎంఎం టీఎంటీని లేత్ మీద 16కి తరిగి, థ్రెడ్ కోయించి ఫౌండేషన్ బోల్టులు చేయించాడు, మన టీఎంటీనే కదా అని. ల్యాబ్‌లో లాగితే రీడింగ్ 500 దరిదాపుల్లోకి కూడా రాలా. ఎలా వస్తది, చేవంతా చెక్కేసి బెండు మిగిల్చాడు. అలాగే ఊచ వంగట్లేదని గ్యాస్ పెట్టి ఎర్రగా కాల్చి వంచుతారు కొంతమంది, అది కూడా ఇంతే, నీళ్ళు ఇచ్చిన బలాన్ని నిప్పు తీసేస్తది.

ఇప్పుడు అసలు గొడవకి వద్దాం. 500 అంటే ఊచ శాశ్వతంగా సాగడం మొదలయ్యే బలం, చదరపు మిల్లీమీటర్‌కి 500 న్యూటన్లు. 550 అంటే అది ఇంకో 50 ఎక్కువ. అంతవరకు షాపాయన చెప్పింది కరెక్టే. ఆయన చెప్పనిది రెండో అంకె, తెగేలోపు ఎంత సాగుద్ది అనేది. ఊచల మీద మన దేశపు ప్రమాణం ఐఎస్ 1786 ప్రకారం 500కి కనీసం 12 శాతం, 500డీకి (డీ అంటే డక్టైల్, ఎక్కువ సాగే రకం) 16, మామూలు 550కి 10 మాత్రమే. ల్యాబ్ భాషలో చెప్తా, 12 ఎంఎం ఊచ మీద 60 మిల్లీమీటర్ల దూరంలో రెండు గుర్తులు పెట్టి తెగేదాకా లాగితే, 500డీ అయితే ఆ దూరం దాదాపు 70 కావాలి, 550 అయితే 66కి తెగినా పాసే. ఈ తేడా మామూలు రోజుల్లో ఎవరికీ కనపడదు. 2024 డిసెంబర్ 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చినట్టు భూమి ఊగినప్పుడు దీని అవసరం తెలుస్తది. పిల్లర్ ఊగాలి, ఊచ సాగాలి, ఇల్లు పగుళ్ళిచ్చినా మనుషులు బయటికొచ్చే టైమ్ ఉండాలి. అందుకే భూకంపాల కోడ్ ఐఎస్ 13920లో కనీసం 14.5 శాతం సాగాలని పెట్టారు, మామూలు 500, 550 రెండూ ఆ కొలతకి తూగవు.

అదే బిల్లెట్ (రోల్ చేసే ఉక్కు దిమ్మ) నుంచి వచ్చిన ఊచకి నీళ్ళు ఇంకాస్త ఎక్కువ కొడితే ఉంగరం మందం అయ్యి 500 కాస్తా 550 దాకా లేస్తది. అంటే ఊచ మీద పెద్ద అంకె ఉందని లోపలి ఉక్కు మంచిదని కాదు, చేవ పెరిగి బెండు తగ్గిందేమో కూడా. 'డీ' రావాలంటే మాత్రం ఉక్కే శుభ్రంగా ఉండాలి. 500లో సల్ఫర్, ఫాస్ఫరస్ ఒక్కోటి 0.055 శాతం దాకా ఒప్పుకుంటారు, 500డీలో 0.040. ఫాస్ఫరస్ గ్రెయిన్ల సరిహద్దుల్లో చేరి ఉక్కుని పెళుసు చేస్తది. గనుల ఖనిజం నుంచి మొదలుపెట్టే విశాఖ ఉక్కు లాంటి ప్లాంట్లలో దీన్ని తీసెయ్యడానికి వీలుంటది, తుక్కు కరిగించే ఇండక్షన్ ఫర్నేస్‌లో అది పెద్దగా పోదు, తుక్కులో ఏం వస్తే అదే ఊచలోకి. అలాగని చిన్న మిల్లులన్నీ చెడ్డవని కాదు, బాగా చేసేవాళ్ళూ ఉన్నారు, హీట్ నంబర్‌తో (ఒకసారి కరిగించిన ఉక్కుకి ఇచ్చే నంబర్) టెస్ట్ సర్టిఫికెట్ అడగండి, ఊచ కట్టకున్న ట్యాగ్ మీద అదే నంబర్ ఉందో లేదో చూడండి. సర్టిఫికెట్ ఎందుకు సార్ అన్న షాపు మాత్రం వదిలేసి పక్క షాపుకెళ్ళండి.

ఇంకోటి, డిజైన్ 500కి చేయించి మీ ఇష్టంతో 550 వేస్తే బీమ్ బలపడిందనుకోవద్దు. ఇంజనీర్ లెక్కలో ముందు ఊచ సాగాలి, తర్వాతే కాంక్రీట్ నలగాలి. ఊచ మరీ మొండిదైతే ఆ వరస తిరగబడి కాంక్రీట్ ఒక్కసారిగా పగలొచ్చు. 550డీ వేరే సంగతి, అది 14.5 సాగాలి, అపార్ట్‌మెంట్ పిల్లర్లలో ఊచలు కిక్కిరిసిపోయే చోట ఇంజనీర్ రాస్తే వాడతారు. రెండు మూడు అంతస్తుల ఇంటికి నా ఓటు 500డీకే, రేటు కాస్త ఎక్కువైనా సరే. సముద్రం పక్కనైతే తుప్పు తట్టుకునే రకం గురించి ఇంజనీర్‌నే అడగండి, అది ఇంకో పెద్ద కథ.

వంచేటప్పుడు కూడా తేడా తెలుస్తది. 20 ఎంఎం దాకా ఊచలకి బెండ్ టెస్ట్‌లో 500డీని తన మందానికి మూడింతల పిన్ను చుట్టూ వంచి చూస్తారు, 500కి నాలుగింతలు, 550కి ఐదింతలు. సైట్లో రాడ్ బెండర్ దగ్గర ఉండేది ఒకటే పిన్ను, దాని చుట్టూనే 550 కూడా వంచేస్తాడు, మడత బయటివైపు సన్నటి వెంట్రుక చీలికలు వస్తే ఎవరూ చూడరు.

బామ్మర్ది చివరికి 500డీనే దింపించాడు. తూకం చూడమన్నా, 8 ఎంఎం పన్నెండు మీటర్ల ఊచ 4.74 కిలోలు ఉండాలి, వాడిది 4.6 వచ్చింది, పర్లేదు. సాయంత్రం కోసిన ముక్క ఫొటో పెట్టి, ఉంగరం ఏదీ కనపడట్లేదు బావా మోసపోయానా అన్నాడు. యాసిడ్ రాయకుండా కనపడదురా అన్నా. బాత్రూమ్ యాసిడ్ ఉంది పొయ్యనా అన్నాడు. నోరు మూసుకుని ఆ ముక్క బస్సులో పంపించమన్నా.