షుగర్ వాచీలు కొనేవాళ్ళకి హెచ్చరిక: పేటెంట్ కాగితం చూసి ఇన్సులిన్ డోసు మార్చకండి

సూది గుచ్చకుండా షుగర్ చూపిస్తుందని చెప్పి మా చుట్టుపక్కల ఊళ్ళలో ఒక చేతి వాచీ అమ్ముతున్నారు. అమలాపురం చుట్టూ కొన్ని ఊళ్ళలో ఇప్పటికే అమ్మేశారు. గోదావరి దాటి పాలకొల్లు, నరసాపురం వైపు కూడా శిబిరాలు పెడతామని వాళ్ళే చెప్పారు. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ళు, ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకునే పెద్దవాళ్ళు ఉంటే దయచేసి ఇది పూర్తిగా చదవండి. పోయింది డబ్బు ఒక్కటే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. మా బాబాయ్ ప్రాణం మీదికి వచ్చింది.

బాబాయ్‌కి అరవై దాటాయి. కొబ్బరి తోట, కొంచెం వరి చూసుకుంటారు. చాలా ఏళ్ళుగా షుగరు, రెండు పూటలా ఇన్సులిన్. కల్యాణ మండపంలో ఉచిత షుగర్ పరీక్షలని ముందురోజు ఆటోకి మైకు కట్టి ఊరంతా తిప్పారు. వెళ్ళినవాళ్ళకి పరీక్ష నిజంగానే చేశారు. ఆ తర్వాత తెల్ల కోటు వేసుకున్న కుర్రాడొకడు పక్కన కూర్చుని, "బాబాయ్ గారూ, రోజూ వేళ్ళు పొడుచుకోవడం ఎందుకండీ, ఇది చేతికి పెట్టుకుంటే చాలండీ, షుగరు, బీపీ, ఆక్సిజను అన్నీ చూపిస్తుందండీ" అని మొదలుపెట్టాడు. నమ్మకం కుదరడానికి లామినేషన్ చేసిన కాగితం ఒకటి చేతిలో పెట్టాడు. పైన మూడు సింహాల ముద్ర, కింద నంబరు, సంతకం. "మా కంపెనీ సొంతంగా కనిపెట్టింది, భారత ప్రభుత్వమే పేటెంట్ ఇచ్చింది" అన్నాడు. వాచీ 6,500. దానితోపాటు సూది అక్కర్లేని ఇన్సులిన్ ప్యాచ్ అని ఒక పెట్టె అంటగట్టాడు. ఆ ప్యాచ్ సంగతి తర్వాత చెప్తాను.

వాచీ వచ్చాక బాబాయ్ పాత గ్లూకోమీటర్ పక్కన పెట్టేశారు. ఒకరోజు రాత్రి భోజనానికి ముందు వాచీలో 268 వచ్చింది. అంత ఉందేమిటని కంగారుపడి రోజూ వేసుకునే దానికంటే ఎక్కువ యూనిట్లు వేసుకున్నారు. తెల్లవారుజామున పిన్ని లేచి చూసేసరికి బనీను పిండితే నీళ్ళు కారేలా తడిసిపోయి ఉంది. పిలిస్తే పలుకుతున్నారు గానీ మాట ముద్దముద్దగా వస్తోంది, చేతులు వణుకుతున్నాయి. పిన్ని వాచీ చూసింది. 141. షుగర్ బాగానే ఉంది కదా, ఇది గుండెకి సంబంధించిందేమో అని ఆవిడ భయపడిపోయింది. పక్క వీధిలో ఉండే ఏఎన్ఎం గారు పరిగెత్తుకొచ్చి వేలి మీద రక్తం చుక్క తీసి చూస్తే 43.

రక్తంలో షుగరు 70 కంటే తగ్గితేనే తక్కువ కింద లెక్క. 54 కంటే తగ్గితే ప్రమాదం. బాబాయ్‌కి ఇంకా స్పృహ ఉంది, మింగగలుగుతున్నారు కాబట్టి ఆవిడ వెంటనే పంచదార నీళ్ళు పట్టించి, పావుగంట ఆగి మళ్ళీ చూసి, మళ్ళీ పట్టించారు. అప్పటికి 108 వచ్చింది. ఇంకొంచెం ఆలస్యమైతే ఫిట్స్ వచ్చి స్పృహ పోయేదని ఆసుపత్రిలో డాక్టరు గారు చెప్పారు. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏదీ పోయకూడదని, అది ఊపిరితిత్తుల్లోకి పోతుందని కూడా ఆయనే గట్టిగా చెప్పారు. ఇది ప్రతి ఇంట్లో తెలియాల్సిన విషయం.

బాబాయ్ ఇంటికొచ్చాక నేను వెళ్ళి ఆ వాచీ చేతిలోకి తీసుకున్నాను. పెరట్లో గెల నుంచి పచ్చి అరటికాయ ఒకటి కోసి, బెల్టు దాని చుట్టూ కట్టి బటన్ నొక్కాను. అడుగున ఆకుపచ్చ లైటు వెలిగింది, తెర మీద గుండ్రటి గీత కాసేపు తిరిగింది, అంకెలు వచ్చాయి. షుగర్ 137, బీపీ 121/78, ఆక్సిజన్ 98. అరటికాయకి! వీడియో తీసి ఉంచాను. తర్వాత బాబాయ్ చేతికే పెట్టి, పక్కన మీటరుతో కూడా చూశాం. భోజనానికి ముందు మీటరు 96, వాచీ 139. భోజనమయ్యాక మీటరు 211, వాచీ 144. ఫోనులో దాని యాప్ తెరిస్తే "డయాబెటిస్ ఉందా" అని ఒక ప్రశ్న ఉంది. అక్కడ "లేదు" అని మార్చితే అదే చేతికి 101 చూపించింది. అంటే అది కొలవడం లేదు. మనం చెప్పిన వయసు, జబ్బు చూసి ఒక అంకె ఊహించి వేస్తోంది. మధ్యమధ్యలో అంకె ఎందుకు ఎగురుతుందో దాన్ని తయారుచేసినవాళ్ళకే తెలియాలి.

అట్టపెట్టె పక్కన, బార్‌కోడ్ కింద, చీమ తలంత అక్షరాల్లో ఇంగ్లీషులో ఒక ముక్క రాసి ఉంది. వైద్య అవసరాలకి వాడరాదు, ఆరోగ్యంపై సాధారణ అవగాహన కోసమే అని. మండపంలో తెల్ల కోటు వేసుకుని చెప్పిన మాటకి, పెట్టె మీద రాసిన మాటకి ఎంత దూరమో చూడండి. ఫోన్ చేస్తే మొదట బెల్టు బిగించి కట్టుకోలేదన్నారు, తర్వాత అప్‌డేట్ చేసుకోమన్నారు, ఇప్పుడు నంబరు పనిచేయడం లేదు. ఇచ్చింది బిల్లు కాదు. జీఎస్టీ నంబరు, అడ్రసు లేని ఒక చీటీ.

ఇక పేటెంట్ కాగితం. బాబాయ్ దాన్ని ఫొటో తీసుకుని ఉంచడం మంచిదైంది. అది పేటెంటే కాదు, డిజైన్ రిజిస్ట్రేషన్. 2000 నాటి డిజైన్ల చట్టం కింద వస్తువు ఆకారానికి, పైరూపానికి ఇచ్చే సర్టిఫికెట్. ఈ వాచీ డయల్ ఇలా ఉంటుంది, బెల్టు ఇలా ఉంటుంది అన్నంతవరకే. లోపల ఏం పనిచేస్తుందో దానికి సంబంధం లేదు. ఇంకొందరు అప్లికేషన్ ఫీజు కట్టిన రసీదునే పేటెంట్ అని చూపిస్తారు. ప్రొవిజినల్ అప్లికేషన్, అంటే పూర్తి వివరాలు లేకుండా ముందుగా వేసేది, ఎవరైనా వేయొచ్చు, 12 నెలల్లో పూర్తి వివరాలు ఇవ్వకపోతే అది వదిలేసినట్టే లెక్క. పూర్తి అప్లికేషన్‌ని కూడా మామూలుగా 18 నెలల తర్వాత పేటెంట్ ఆఫీసు జర్నల్‌లో ప్రచురిస్తారు. ప్రచురించడం వేరు, పరీక్షించి మంజూరు చేయడం వేరు. మంజూరైతే దాఖలు చేసిన తేదీ నుంచి 20 ఏళ్ళు ఉంటుంది.

సరే, నిజంగా మంజూరైన పేటెంటే ఉందనుకుందాం. అప్పుడైనా అది పొలం పట్టా లాంటిది. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా నాది అని చెప్తుంది గానీ, అందులో పంట పండుతుందని చెప్పదు. ఆలోచన కొత్తదా, ఇంతకుముందు ఎవరూ చేయలేదా, తయారుచేయడానికి వీలవుతుందా అన్నదే పేటెంట్ ఆఫీసు చూస్తుంది. పదిమంది రోగుల చేతికి కట్టి అంకె సరిగ్గా వస్తోందా అని చూడటం వాళ్ళ పని కాదు. ఆ పని డ్రగ్ కంట్రోల్ వాళ్ళది, అంటే మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులు చూసే, ఢిల్లీలో ఉండే కేంద్ర సంస్థ సీడీఎస్‌సీవోది. పేటెంట్ కాగితం, డ్రగ్ కంట్రోల్ అనుమతి రెండూ ఒకటే అనుకునేలా మాట్లాడటమే ఈ అమ్మకాల్లో అసలు మోసం.

వైద్య పరికరాలు కనిపెట్టేవాళ్ళంటే నాకు గౌరవం. 1974లో జపాన్ ఇంజినీరు తకువో అవోయాగి పల్స్ ఆక్సిమీటర్ ఆలోచన బయటపెట్టకపోతే కోవిడ్ రోజుల్లో మన వేలికి పెట్టుకోవడానికి ఏమీ ఉండేది కాదు. ఆ ఆలోచన పనిచేయడానికి కారణం ఉంది. ఆక్సిజన్ పట్టిన రక్తం, పట్టని రక్తం ఎర్ర కాంతినీ, కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కాంతినీ వేర్వేరుగా పీల్చుకుంటాయి, ఆ తేడా కొలవొచ్చు. గ్లూకోజుకి అలాంటి రంగు లేదు. దాని జాడ ఒంట్లోని నీటి జాడలో కలిసిపోతుంది. పెద్ద పెద్ద కంపెనీలు ఏళ్ళ తరబడి ప్రయత్నిస్తున్నది ఇక్కడే. 2001లో అమెరికాలో గ్లూకోవాచ్ అని ఒకటి అనుమతితోనే వచ్చింది. చిన్న కరెంటుతో చర్మం కింది ద్రవాన్ని పైకి లాగి కొలిచేది. చర్మం ఎర్రబడి మండేది, వేలి పరీక్షతో సరిచూసుకోక తప్పేది కాదు. కొన్నేళ్ళకే మార్కెట్లోంచి పోయింది. 2024 ఫిబ్రవరిలో అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతి ఇచ్చే ఎఫ్‌డీఏ, చర్మం గుచ్చకుండా షుగర్ కొలుస్తామనే స్మార్ట్ వాచీలు, ఉంగరాలు వాడొద్దని, అలాంటి దేనికీ తాము అనుమతి ఇవ్వలేదని హెచ్చరించింది. తప్పుడు అంకె చూసి ఇన్సులిన్ ఎక్కువ వేసుకుంటే ప్రాణం పోవచ్చని అందులోనే ఉంది. బాబాయ్‌కి జరగబోయింది అక్షరాలా అదే.

చేతికి అంటించుకుంటే రోజంతా షుగర్ చూపిస్తూ ఉండే సీజీఎం సెన్సర్ల సంగతి వేరు, దీనితో కలపకండి. వాటికి వెంట్రుకంత సన్నటి తీగ చర్మం కిందికి దిగి ఉంటుంది. అక్కడి ద్రవంలో గ్లూకోజు కొలుస్తుంది. రక్తం కంటే కొన్ని నిమిషాలు వెనకగా చూపిస్తుంది కాబట్టి, ఒంట్లో నలతకీ అంకెకీ పొంతన లేకపోతే వేలి మీద పరీక్ష చేసుకోవాల్సిందే. ఖరీదు ఎక్కువ. మామూలు గ్లూకోమీటర్ అయితే వెయ్యి రూపాయల లోపు కూడా వస్తుంది. మంచి మీటర్ల ప్రమాణం ఏమిటంటే, వందకి 95 సార్లు ల్యాబ్ అంకెకి దగ్గరగా ఉండాలి: షుగర్ 100 లోపు ఉంటే 15 పాయింట్ల తేడాలో, 100 దాటితే 15 శాతం తేడాలో. ఐఎస్ఓ 15197 అంటారు, పెట్టె మీద రాసి ఉంటుంది. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ. స్ట్రిప్పుల డబ్బా మూత తీసి వదిలేస్తే అవి పాడై మీటరు కూడా తప్పు చూపిస్తుంది. తీసిన వెంటనే మూత గట్టిగా నొక్కండి, ఎక్స్‌పైరీ చూడండి.

ప్యాచ్ విషయానికొస్తే, దయచేసి ఎవరూ వాడకండి. ఇన్సులిన్ చాలా పెద్ద అణువు, దాదాపు 5,800 డాల్టన్లు (అణువు బరువుకి కొలత). చర్మం దానంతటది లోపలికి రానిచ్చేవి సుమారు 500 లోపువే. సిగరెట్టు మానడానికి వాడే నికోటిన్ ప్యాచ్ అందుకే పనిచేస్తుంది, అది చిన్న అణువు. ఇన్సులిన్ మానేసి ఇది అంటించుకుంటే షుగరు అదుపు తప్పి ఇంకో రకంగా ఆసుపత్రి పాలవుతారు. బాబాయ్ ఇంకా వాడటం మొదలుపెట్టలేదు, అదొక్కటే అదృష్టం. ఆ పెట్టె మీద మందు పేరు గానీ, లైసెన్సు నంబరు గానీ, బ్యాచ్ నంబరు గానీ లేవు.

మీరు కొనేటప్పుడు ముందు అడగాల్సింది పేటెంట్ కాదు, లైసెన్సు నంబరు. 2020 ఏప్రిల్ నుంచి మన దేశంలో వైద్య పరికరాలన్నీ ఔషధ చట్టం కిందికి వచ్చాయి. ప్రమాదాన్ని బట్టి ఎ, బి, సి, డి అని నాలుగు తరగతులు చేశారు. ఎ, బి తరగతులకి 2022 అక్టోబరు నుంచి, సి, డి తరగతులకి 2023 అక్టోబరు నుంచి లైసెన్సు విధానం అమల్లో ఉంది. షుగర్ కొలిచే పరికరం పెట్టె మీద తయారీ లైసెన్సు నంబరు, తయారీదారు అడ్రసు ఉండాలి. బయటి దేశం నుంచి తెచ్చినదైతే దిగుమతి లైసెన్సు నంబరు, దిగుమతిదారు పేరు ఉండాలి. అవి లేకపోతే అక్కడే ఆపేయండి, ఎన్ని సింహాల ముద్రలు చూపించినా సరే. పేటెంట్ మాట ఎత్తితే నంబరు ఫొటో తీసుకుని పేటెంట్ ఆఫీసు వెబ్‌సైట్‌లో వెతకండి, డబ్బు కట్టక్కర్లేదు. ఇప్పటి అప్లికేషన్ నంబర్లలో మొదటి నాలుగు అంకెలు సంవత్సరం, అయిదోది ఆఫీసు. మన రాష్ట్రం చెన్నై ఆఫీసు కిందికి వస్తుంది, దాని అంకె 4. మంజూరైందా, పరీక్ష దశలో ఉందా, వదిలేశారా అన్నది అక్కడ కనపడుతుంది. లేని పేటెంట్ ఉందని చెప్పి అమ్మితే పేటెంట్ చట్టం 120వ సెక్షన్ కింద జరిమానా ఉంది. అప్లికేషన్ కూడా వేయకుండా వేశామని చెప్పినా అంతే.

ఇప్పటికే కొన్నవాళ్ళు ఈ రోజు నుంచే పాత మీటరు మళ్ళీ వాడండి. ఈ మధ్య వాచీ అంకె చూసి డోసు మార్చి ఉంటే డాక్టరు గారికి తప్పకుండా చెప్పండి. వాచీ, పెట్టె, చీటీ, ఫోన్‌పే చేసిన మెసేజీ ఏదీ పారేయొద్దు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. పరికరం వల్ల ఆరోగ్యం దెబ్బతింటే వైద్య పరికరాల వల్ల జరిగే హానిని నమోదు చేసే మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమానికి తెలపాలి, నంబరు 1800 180 3024. మేము జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి రాతపూర్వకంగా ఇచ్చాం. జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనూ వేస్తున్నాం. అమ్మినవాడి ఊరు ఎక్కడైనా మనం ఉండేచోటే వేసుకోవచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు, గడువు రెండేళ్ళు. ఒకే వస్తువు వల్ల నష్టపోయినవాళ్ళు కమిషన్ అనుమతితో కలిసి ఒకే ఫిర్యాదు వేసే వీలు కూడా ఉంది. మీ ఊళ్ళో ఈ శిబిరం జరిగి ఉంటే తేదీ, మండపం, మైకులో చెప్పిన కంపెనీ పేరు రాసి పెట్టుకుని మాకు తెలియజేయండి, మా ఫిర్యాదులో మీ పేర్లు కూడా చేరుస్తాం.