బార్‌కోడా, ఆర్ఎఫ్ఐడీనా? మన శాఖా గ్రంథాలయాలకు ఏది మేలు?

"కొంచెం నిధులొచ్చాయి సార్, ఆర్ఎఫ్ఐడీ పెట్టించేద్దామా, బార్‌కోడ్ సరిపోతుందా?" శాఖా గ్రంథాలయాల్లో పనిచేసేవాళ్లు ఈ మధ్య పదేపదే అడుగుతున్నారు. కంపెనీవాళ్లు డెమో ఇచ్చి వెళ్లాక మరీను. పుస్తకాల దొంతర బల్లమీద పెట్టగానే పేర్లన్నీ ఒకేసారి స్క్రీన్ మీదికి వస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది.

బార్‌కోడ్ అయితే స్కానర్‌కి కనపడాలి. ఆర్ఎఫ్ఐడీ ట్యాగ్ అంటే పుస్తకానికి అతికించే చిన్న చిప్, అది అట్ట లోపలున్నా రీడర్ రేడియో తరంగాలతో చదివేస్తుంది. అందుకే పాఠకుడే ఇష్యూ చేసుకునే కియోస్క్, వేళ దాటినా పుస్తకం వేసిపోయే డ్రాప్ బాక్స్ దానితో సులువు. సింగపూర్ గ్రంథాలయాలు 1990ల చివర్లోనే అటు మళ్లింది కౌంటర్ల దగ్గర క్యూలు పడలేకే. మరి మన దగ్గర ఆ క్యూ ఏదీ? పొద్దున పేపర్లకొచ్చేవాళ్లు, రోజంతా గ్రూప్స్‌కో డీఎస్సీకో చదువుకునేవాళ్లే ఎక్కువ. పుస్తకం ఇంటికి పట్టుకెళ్లేవాళ్లు తక్కువ. స్కానర్ ఒక్కో పుస్తకాన్ని విడిగా చదివినా ఎవరి పనీ ఆగదు.

ఆర్ఎఫ్ఐడీ నిజంగా పైచేయి అయ్యేది స్టాక్ వెరిఫికేషన్‌లో. చేతి రీడర్ పట్టుకుని రాక్ వెంట నడిస్తే చాలు, ఏది లేదో, ఏది తప్పు అరలో ఉందో తెలిసిపోతుంది. కాకపోతే మనవి ఇనుప రాక్‌లు, లోహం దగ్గర రీడింగ్ తడబడుతుంది. సన్నటి పిల్లల కథల పుస్తకాలు పక్కపక్కనే ఉంటే ట్యాగ్ మీద ట్యాగ్ పడి కొన్ని అసలు నమోదే కావు. ఒకే చోట కాకుండా పైకీ కిందికీ మార్చి అతికించుకుంటే కొంత నయం. డెమో వాళ్ల కొత్త పుస్తకాలతో కాకుండా మీ రాక్‌లోని సన్న పుస్తకాలతో చేయించుకోండి.

ఖర్చు సంగతి తెలిసిందే. ఒక్క ట్యాగ్ డబ్బుతో ఎన్నో బార్‌కోడ్ స్టిక్కర్లొస్తాయి, రీడర్లు, ఇష్యూ కాని పుస్తకం బయటికి వెళితే మోగే గేట్లు అదనం. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల సెస్ మీద నడిచే సంస్థలం, పైగా అది స్థానిక సంస్థల నుంచి సమయానికి రాదు.

అయినా నా లెక్కలో అసలు తేల్చేది ఖర్చు కాదు, డేటా. ట్యాగ్‌లోనైనా బార్‌కోడ్‌లోనైనా మామూలుగా ఉండేది అక్సెషన్ నంబరే, అంటే రిజిస్టరులో ఒక్కో పుస్తకానికి ఇచ్చే నంబరు. పుస్తకం పేరు, రచయిత, ఎవరి దగ్గరుందన్న సంగతీ సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి. ఆ సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. న్యూజిలాండ్‌లో పుట్టి 2000 నుంచి వాడుకలో ఉన్న కోహా ఉంది, మన కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ ఇచ్చే ఈ-గ్రంథాలయ ఉంది. చిక్కంతా అందులోకి ఎక్కించే దగ్గరే. ఒకరు పేరు తెలుగులో కొడతారు, ఇంకొకరు ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట పొడి అక్షరాలు వెనక. పాఠకుడు తెలుగులో వెతికితే 'లేదు' అని వస్తుంది, పుస్తకమేమో ఎదురుగా రాక్‌లోనే ఉంటుంది. దీన్ని ఏ ట్యాగూ బాగుచేయలేదు.

ఇంకో తంటా, పాత రిజిస్టరు చూసి టైపు చేయించడం. ఎప్పుడో పోయిన పుస్తకాలు కూడా 'అందుబాటులో ఉంది' అని చూపిస్తాయి. పుస్తకం చేతిలో పెట్టుకుని ఎంట్రీ చేస్తూ, అప్పుడే స్టిక్కరు అతికిస్తే రెండు పనులూ ఒకేసారి అయిపోతాయి, పోయినవేవో కూడా తేలతాయి. కాబట్టి నేనైతే ఉన్న డబ్బు ముందు తెలుగు పుస్తకాలు తెలిసిన మనిషితో ఎంట్రీ చేయించి, సరిచూపించడానికి పెడతాను. బార్‌కోడ్‌తో మొదలుపెడతాను. స్టిక్కరు మాత్రం అట్ట మీద వేయకండి, బైండింగ్‌కి వెళితే పాత అట్టతో పాటే పోతుంది. టైటిల్ పేజీ వెనక వేయండి.

క్యూఆర్ కోడ్ అంటారా, స్కానర్ లేనిచోట ఫోన్‌తో నడిచే బార్‌కోడ్ అనుకోండి, అంతే. ఈ-బుక్స్ వేరే సంగతి, రాక్‌లో ఉన్నవాటి ఇష్యూకి అవి జవాబు కావు.

జిల్లా కేంద్ర గ్రంథాలయంలో రోజూ ఇష్యూల రద్దీ ఉండి, స్టాక్ వెరిఫికేషన్‌కి మనుషులు చాలకపోతే ఆర్ఎఫ్ఐడీకి వెళ్లొచ్చు. ఎంట్రీ సరిగ్గా చేసుకుని ఉంటే అప్పుడు చేయాల్సింది అదే నంబరు ట్యాగ్‌లోకి ఎక్కించడమే. టెండరులో ఒక షరతు మాత్రం తప్పక రాయించుకోండి: ట్యాగ్‌లు గ్రంథాలయాల ఆర్ఎఫ్ఐడీకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 28560 ప్రకారం ఉండాలి. లేదంటే రేపు రీడర్లు పాడైనప్పుడు మళ్లీ ఆ కంపెనీ గడపే తొక్కాల్సి రావచ్చు.